టేపుల్లో లేని పేర్లు

బొలీవియా మీద థీసిస్ రాస్తున్నానని చెబితే మా తెలుగువాళ్లు ముందు నవ్వేవాళ్లు, తర్వాత జాలిపడేవాళ్లు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి వాళ్లు తమ బేస్‌మెంట్ మాకిచ్చేవారు. గుంటూరు, ఒంగోలు, నరసాపురం వైపు నుంచి వచ్చిన కొద్ది కుటుంబాలం అక్కడ తెలుగులో ఆరాధన చేసుకుని, పులిహోర తిని, గ్రీన్‌కార్డుల గురించి మాట్లాడుకుని ఇళ్లకు వెళ్లేవాళ్లం. సంఘంలో పెద్దాయన ఒకరు ఒకసారి కాఫీ దగ్గర నన్ను పట్టుకున్నారు.

"ఏమ్మా, ఆ దేశం ఎక్కడుంది? ఆఫ్రికాలోనా?"

"సౌత్ అమెరికాలో, అంకుల్."

"మనవాళ్లెవరైనా సెటిల్ అయ్యారా అక్కడ?"

"ఎవరూ లేరు."

"మరి మనకెందుకమ్మా? శుభ్రంగా కంప్యూటర్ కోర్స్‌లో జాయిన్ అయిపో. ఆర్నెల్లలో జాబ్ వచ్చేస్తది."

జాబ్ వద్దు, బొలీవియా కావాలి అన్నాను. ఆ రోజు నుంచి నా పేరు బొలీవియా అక్క అయిపోయింది. వెనక అనేవాళ్లు కొందరు, ముఖం మీదే అనేవాళ్లు కొందరు. నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది. కాని నా కోపం ఎప్పుడూ మొండితనంగా మారుతుంది, నాది ఉడుంపట్టు అని మా ఆయన పెళ్లైన కొత్తలోనే కనిపెట్టారు.

గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది చివర్లో వర్జీనియా వచ్చాం. మా ఆయన మెట్రో రైలు సొరంగాల పనిలో ఇంజనీరు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. ఆర్లింగ్టన్‌లో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో లైబ్రరీ ఉండేది. ఇంట్లో కంటే అక్కడ వెచ్చగా ఉంటుందని వెళ్లి, ఉన్న పేపర్లన్నీ చదివేదాన్ని. ఆ జనవరిలో ఒక మూల చిన్న వార్త చూశాను. బొలీవియాలో నలుగురు గని కార్మికుల భార్యలు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని రాజధానికి వచ్చి, చర్చి కార్యాలయంలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. దేశం వదిలి పారిపోయినవాళ్లను తిరిగి రానివ్వాలి, పనిలోంచి తీసేసిన కార్మికులను మళ్లీ తీసుకోవాలి, గనుల్లోంచి సైన్యం పోవాలి. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వార్త వచ్చింది. ఈసారి దీక్షలో కూర్చున్నవాళ్లు వందల్లో ఉన్నారు. నెల తిరక్కముందే వెయ్యి దాటారు. ఏడేళ్లుగా తుపాకీతో రాజ్యం చేస్తున్న జనరల్ దిగొచ్చాడు. ఆ ఏడాదిలోనే అతని గద్దె కూడా పోయింది.

నేను ఉపవాస ప్రార్థనల మధ్య పెరిగినదాన్ని. శుక్రవారం అన్నం మానేసి మోకరించడమంటే దేవుణ్ణి అడగడం. అయితే నేను పుట్టిన సంవత్సరమే మా రాష్ట్రం కోసం ఒక మనిషి మద్రాసులో అన్నం మాని ప్రాణం వదిలాడు. మా నాన్న ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది. ఆకలితో ప్రభుత్వాన్ని అడగడం కూడా ఒకటుందని నాకు అలా తెలుసు. అదే సంవత్సరం బొలీవియాలో విప్లవం వచ్చిందని లైబ్రరీలోనే తెలుసుకున్నాను. గని కార్మికులు తుపాకులు పట్టి, ముగ్గురంటే ముగ్గురు యజమానుల చేతిలో ఉన్న తగరపు గనులను దేశం పరం చేయించారు. చదువురాని రైతులకు కూడా ఓటు వచ్చింది, భూమి వచ్చింది. పన్నెండేళ్లకు సైన్యం వచ్చి కూర్చుంది. నాకు ఇక ఆ దేశాన్ని వదలబుద్ధి కాలేదు.

సాయంత్రం క్లాసుల్లో ఎం.ఏ. చేశాను, స్పానిష్ నేర్చుకున్నాను, పాప పుట్టింది, పీహెచ్‌డీలో చేరాను. నా ప్రొఫెసర్ ఆర్థిక చరిత్రకారుడు, నిక్కచ్చి మనిషి. తగరం ధర ఏ ఏడాది ఎందుకు పడిందో చూడకుండా చెప్పగలడు. సైనిక ప్రభుత్వాలు విదేశీ బ్యాంకుల దగ్గర ఎడాపెడా అప్పులు తెచ్చి ఎక్కడ పోశాయో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయనంటే నాకు గౌరవం, ఇప్పటికీ.

మా కింది వాటాలో బొలీవియా కుటుంబం దిగడం మాత్రం దేవుడి పనే అని నమ్ముతాను. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ఎనభైలో మరో జనరల్ గద్దెనెక్కి కార్మిక సంఘాల వాళ్లను వేటాడినప్పుడు భర్తతో పారిపోయి వచ్చింది ఆ ఇంటావిడ. నా ఈడుది. గని ఊళ్లో పుట్టి పెరిగింది. అతను ఇళ్లకు రంగులు వేసేవాడు, ఆమె ఇంట్లోనే పిల్లల్ని చూసేది. నేను క్లాసుకి వెళ్తే మా పాపను ఆమె దగ్గరే వదిలేదాన్ని. అక్కా అని పిలవడం మొదలుపెట్టాను. ఆ మాటకి అర్థం చెప్పాక ఆమె కూడా నన్ను అక్కా అనేది. ఎవరు పెద్దో తేల్చుకోలేదు.

ఎనభై నాలుగులో వాళ్లమ్మ వచ్చింది. అప్పటికి జనరళ్లు పోయి ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది గాని, ఖజానా ఖాళీ. నోట్లు అచ్చు గుద్దుకుంటూ పోయారు. పొద్దున కొన్న రొట్టె ధర సాయంత్రానికి ఉండేది కాదట. జీతం రాగానే మొగుడూ పెళ్లాం చెరో దిక్కుకి పరుగెత్తి, దొరికిందల్లా కొనేసేవాళ్లట, అవసరమా కాదా అని చూడకుండా. ఒకరింట్లో ఒక్క పిల్లాడూ లేకపోయినా మూడు బడి సంచులు ఉండేవని చెప్పి పడీపడీ నవ్వింది. కూతుర్ని చూసి పోదామని టూరిస్ట్ వీసా మీద వచ్చిన మనిషి, గడువు దాటినా ఉండిపోయింది. అక్కకి అమ్మ కాబట్టి నేను పెద్దమ్మా అన్నాను. పెద్దమ్మ అన్న తెలుగు మాట ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయింది, పోస్ట్ తెచ్చే అతను కూడా అలాగే పిలిచేవాడు.

శనివారం మధ్యాహ్నాలు వాళ్ల వంటింట్లో గని ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు చేరేవాళ్లు. ఆదివారం ఫుట్‌బాల్ మైదానం దగ్గర అమ్మడానికి సాల్తేన్యాలు చేసేవాళ్లు. లోపల కోడిమాంసం, బంగాళదుంప పెట్టి మన కజ్జికాయలా అంచు మడిచి కాలుస్తారు. నేనూ వాళ్లను పిన్నీ, అక్కా అంటూ మడతలు వేస్తూ కూర్చునేదాన్ని. పిండి అంటకుండా టేప్ రికార్డర్ ఫ్రిజ్ మీద పెట్టేదాన్ని. వాళ్లు చెప్పని సంగతి లేదు. సమ్మె మొదలైతే కంపెనీ దుకాణం మూసేసేవాళ్లు. అది మన రేషన్ దుకాణం లాంటిది, బియ్యం, పంచదార, మాంసం అన్నీ అక్కడే. అది మూస్తే పొయ్యి వెలగదు. అప్పుడు ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి ఉన్నదంతా పోగుచేసి వీధిలో ఒకే పెద్ద కుండ పెట్టేవాళ్లు. మగవాళ్ల సమ్మె నిలిచేదీ ఓడేదీ ఆ కుండ మీదే.

పెద్దమ్మ ఆ మొదటి నలుగురిలో లేదు. రెండో వారంలో తన గని ఊరి చర్చిలో దీక్షకు కూర్చుంది. "మేం ఎంతమందిమో, ఎవరెవరిమో కాగితాల మీద రాసి చర్చి తలుపుకి అంటించాం" అని చెప్పింది టేపులో. "సైనికులు వచ్చి మమ్మల్ని ఎత్తుకుపోతే, లోపల ఎవరున్నారో మాకు తెలీదని తర్వాత అనకూడదు కదా."

ఆ ఆడవాళ్ల మీద రాసిన అధ్యాయమే నా థీసిస్‌కి ప్రాణం. తక్కిందంతా ఎవరైనా రాయగలరు.

ఎనభై ఆరు మొదట్లో ప్రొఫెసర్ ఆ అధ్యాయం చదివి నన్ను పిలిచారు. ఫుట్‌నోట్ల పేజీ నా ముందుకి జరిపారు.

"ఈ పెద్దమ్మ ఎవరు? ఈ పిన్ని ఎవరు? పొడుగక్క ఎవరు? మీకు బొలీవియాలో ఇంతమంది చుట్టాలు ఎలా వచ్చారు?"

నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు.

"పేరు లేని సాక్షి సాక్షి కాదు. రేపు ఇంకొకరు వెళ్లి సరిచూసుకోవాలంటే ఎవరిని అడగాలి?"

ఇంటికొచ్చి టేపులన్నీ మొదటి నుంచి విన్నాను. ఒక్క పేరు లేదు. నేను అడగనే లేదు. అడగాలన్న ఆలోచన రాలేదంటే ఎవరు నమ్ముతారు? కాని మన దగ్గర పెద్దవాళ్లను ముఖం మీద పేరడగడం ఎక్కడుంది? వరస కలుపుకుంటాం, పని జరిగిపోతుంది. మా నాయనమ్మ పేరు నాకు ఆమె సమాధి రాయి మీద చదివితే తెలిసింది. అంతకుముందు నాకు ఆ పేరుతో పనే పడలేదు. గుంటూరు మర్యాద అంతా ఆ టేపుల్లోకి ఎక్కించి, చరిత్రకి కావలసిన ఒక్క ముక్క వదిలేశాను.

సరే, దిద్దుకుంటే పోతుందనుకుని తర్వాతి శనివారం పిండి చేత్తోనే అందరి పేర్లూ అడిగాను. కింది అక్క లేచి ఫ్రిజ్ మీద రికార్డర్ ఆపేసింది.

"మా ఇంట్లో సగం మందికి పేపర్స్ లేవు, నీకు తెలుసు" అంది. "ఆఫీసు బిల్డింగులు క్లీన్ చేసేవాళ్లను ఇమ్మిగ్రేషన్ వాళ్లు వచ్చి పట్టుకుపోతున్నారు. పేరు, ఊరు, ఎప్పుడొచ్చిందీ అన్నీ నువ్వు పుస్తకంలో రాసి లైబ్రరీలో పెడతావా?"

"నాది రాయి" అంది పెద్దమ్మ మడత వేస్తూనే.

"అమ్మా, నువ్వు మాట్లాడకు."

"చర్చి తలుపు మీద రాశాను. ఇక్కడ దాక్కోవాలా?"

"అక్కడ చావుకి తెగించావు. ఇక్కడ నా పిల్లలున్నారు."

తల్లీ కూతుళ్లు ఆ తర్వాత అన్న మాటలు నాకు సగమే అర్థమయ్యాయి, వాళ్ల పల్లె భాషలోకి దిగిపోయారు. సాల్తేన్యాలు మాడిపోయాయి. ఇద్దరిదీ న్యాయమే. అదే నన్ను తినేసింది.

ప్రొఫెసర్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. మిగతావాళ్లకి మారుపేర్లు పెట్టుకోవచ్చన్నారు. "కాని ఒక్కరైనా నిజం పేరుతో, నిజం ఊరితో నిలబడాలి. ఆ ఒక్కరూ లేకపోతే అధ్యాయం తీసేయండి. మిగిలింది చాలు, వేసవికల్లా డిగ్రీ వస్తుంది" అన్నారు. మంచి మాటే. డిపార్ట్‌మెంట్ గడువు కూడా దగ్గర పడుతోంది.

మా ఆయన ఆ రాత్రి భోజనాల దగ్గర మెల్లగా అన్నారు. "తీసేయరాదూ? ఇన్నేళ్ల కష్టం. డిగ్రీ చేతికొచ్చాక బుక్‌లో వేసుకోవచ్చుగా."

"మీ సొరంగం మధ్యలో ఒక స్తంభం తీసేయమంటే తీసేస్తారా?"

"అది వేరే."

"ఏం వేరే కాదండీ. ఆ ఆడవాళ్లు లేకపోతే ఆ జనరల్ ఎందుకు దిగాడో నేను చెప్పలేను. చెప్పలేని దానికి డాక్టర్ అనిపించుకోను."

మర్నాడు గడువు పొడిగించమని అర్జీ పెట్టాను. కుదరదన్నారు. మళ్లీ వెళ్లాను. డీన్ గారి సెక్రటరీ నన్ను చూస్తేనే ముఖం తిప్పుకునే స్థితికి తెచ్చి, ఒక సెమిస్టర్ సాధించాను. కాని ఆ ఒక్క పేరు రాయడానికి నాకు కూతురి ఒప్పుకోలు కావాలి. పెద్దమ్మ సరేనన్నంత మాత్రాన రాసేస్తే, పేపర్లు లేని మనిషిని నేనే పట్టించినట్టు. రాయను. అలాగని అధ్యాయం తీయను. మా వాళ్లంతా అదేం లెక్క అన్నారు. నా లెక్క నాకు సరిపోయింది.

ఇంతలో అక్కడ గనులు మూతపడ్డాయి. అంతకుముందు ఏడాది వచ్చిన కొత్త ప్రభుత్వం ఒకే ఒక్క శాసనంతో ధరలను ఆపింది. ఆగాయి, నిజమే. ప్రొఫెసర్ దాన్ని మెచ్చుకునేవారు. ఆ వెంటనే లండన్‌లో తగరం బజారు కుప్పకూలింది, నష్టాల్లో ఉన్న గనుల్ని నడపబోమని ప్రభుత్వం చెప్పేసింది. వేలమంది కార్మికుల్ని ఇచ్చినంత తీసుకుని వెళ్లిపొమ్మన్నారు. ఇల్లు కంపెనీది కాబట్టి ఇల్లూ ఖాళీ చేయాలి. కంపెనీ దుకాణంలో సరుకు రావడం మానేసింది. పెద్దమ్మ కొడుకు ఆ గనిలోనే ఉన్నాడు. తను పెళ్లై వెళ్లింది, ఐదుగుర్ని కన్నది, భర్తని ఊపిరితిత్తుల జబ్బుకి పోగొట్టుకున్నది ఆ ఇంట్లోనే.

ఒక శనివారం పిండి కలుపుతూ చెప్పింది, వెళ్లిపోతున్నానని.

కూతురు ఏడ్చింది, తిట్టింది, బతిమాలింది. వెళితే మళ్లీ వీసా ఇవ్వరు, ఇదే ఆఖరు అని అందరికీ తెలుసు. నేను కూడా ఉండమనే చెప్పాను. పెద్దమ్మ రెండు చేతులూ కడుక్కుని, "వాడిని ఇంట్లోంచి గెంటుతుంటే నేనిక్కడ ఫుట్‌బాల్ చూసేవాళ్లకి తిండి అమ్ముకుంటూ ఉండనా?" అంది. అంతే.

వాషింగ్టన్ డలెస్ ఎయిర్‌పోర్టుకి నేనే డ్రైవ్ చేశాను. ఎయిర్‌పోర్టుకి అవతల ఇప్పుడు ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్లూ, వరసగా మనవాళ్ల ఇళ్లూ ఉన్నాయి. అప్పుడు ఆవులు మేసేవి. వెనక సీట్లో అక్క కిటికీకి తల ఆనించి కూర్చుంది. పెద్దమ్మ నా పక్కన.

"ఇన్నాళ్లూ నా పేరు నువ్వు ఒక్కసారీ అడగలేదు" అంది. "అందర్నీ కలిపి అడిగావు, నన్ను విడిగా అడగలేదు. ఎందుకు?"

పెద్దవాళ్ల పేరు పలకడం మా దగ్గర మర్యాద కాదని చెప్పాను.

"మా దగ్గర మనిషిని మాయం చేయాలనుకుంటే ముందు పేరే తీసేసేవాళ్లు" అంది.

నాకు రోడ్డు కనిపించలేదు, కళ్లు నీళ్లతో నిండిపోయాయి. గేటు దగ్గర అక్క తల్లిని వాటేసుకుని వదల్లేదు, చివరికి ఎయిర్‌లైన్ అమ్మాయి వచ్చి విడదీసింది.

ఆగస్టులో గని కార్మికులు భార్యాపిల్లలతో కాలినడకన రాజధానికి బయల్దేరారని పేపర్లో చదివాను. చలికాలం అక్కడ, కొండ మీద గడ్డకట్టే గాలి. వేలాదిమంది నడిచారు. దారిలో పల్లెవాళ్లు ఉడకబెట్టిన దుంపలు తెచ్చిపెట్టారు. రాజధాని ఇంకొంచెం దూరంలో ఉందనగా సైన్యం చుట్టుముట్టింది. వెనక్కి పంపేశారు. గనులు తెరుచుకోలేదు. ప్రొఫెసర్ లెక్కల్లో అది ఆర్థిక సర్దుబాటు. కింది వాటాలో మాత్రం ఫోన్ మోగితే చాలు, అక్క చేతిలో ఏది ఉంటే అది కిందపడేది. వాళ్లమ్మ నడకలో ఉందా, ఇంట్లో ఉందా, అసలు ఉందా అన్నది తెలియలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యి అప్పుడే ఇంటికొచ్చాం. అక్క తలుపు బాదింది. "ఫోన్! అమ్మ! నిన్ను అడుగుతోంది!"

చెప్పుల్లేకుండానే కిందికి పరుగెత్తాను. ఏదో పట్టణంలో టెలిఫోన్ ఆఫీసు నుంచి మాట్లాడుతోంది. లైన్‌లో గాలి హోరు. నడిచిందట. కొడుకు కుటుంబంతో, దారి పొడుగునా వంటకుండ మోసే బండి పక్కనే. సైనికులు చుట్టుముట్టినప్పుడు కూడా కుండ పొయ్యి మీదే ఉందట. ఇల్లు పోయింది. కొడుకు కోకా ఆకు పండించే తోటల వైపు పని వెతుక్కుంటూ వెళ్తున్నాడు, తనూ వెళ్తోంది. ఊరు ఖాళీ అయిపోయిందట, చర్చికి తాళం వేశారట.

"నీ పుస్తకం అయిందా?" అంది.

"లేదు."

"ఆ కుండ సంగతి తీసేశావా?"

"తీయలేదు. తీయను."

"అయితే పెన్ను తీసుకో. ఇప్పుడు నేను నా దేశంలో ఉన్నాను. నన్ను ఇక్కణ్ణించి ఎవరూ ఎక్కడికీ పంపేయలేరు."

అక్క వైపు చూశాను. రిసీవర్‌కి చెవి ఆనించి అంతా వింటోంది. కళ్లు తుడుచుకుని, ఫోన్ పక్కనున్న కరెంటు బిల్లు కవరు నా చేతికిచ్చింది. పెన్ను కూడా తనే ఇచ్చింది.

పెద్దమ్మ చెప్పింది. సొంత పేరు, తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు, గని పేరు, చర్చి పేరు. రాశాను. ఆ కవరు చూసి ప్రొఫెసర్ మరో మాట లేకుండా సంతకం పెట్టారు, అది తర్వాతి సంగతి. ఆమెకి అప్పుడు ఆ సంతకాలతో పని లేదు.

"చదువు" అంది.

"రాసుకున్నాను పెద్దమ్మా."

"పెద్దమ్మ కాదు. చదువు. సరిగ్గా రాశావో లేదో వినాలి."

నా జన్మలో అంత వయసు మనిషిని పేరు పెట్టి పిలవలేదు. నాలుక తిరగలేదు. గొంతు సవరించుకుని, తరగతిలో హాజరు పిలిచినట్టు గట్టిగా, పేరూ రెండు ఇంటిపేర్లూ పిలిచాను.

గాలి హోరులోంచి అంతే గట్టిగా జవాబు వచ్చింది.

"ఇక్కడే ఉన్నాను."